క్లస్టర్ ఆకుపచ్చగా ఉంటే చాలా? కమాండ్ లైన్ నుంచి సెర్చ్ ఇంజిన్ నిర్వహణ

గ్రంథాలయం వెబ్‌సైట్‌లో పుస్తకం పేరు, దుకాణం యాప్‌లో సరుకు పేరు, తెలుగు వికీపీడియాలో ఊరి పేరు... మాట టైప్ చేయగానే ఫలితాలు కళ్లముందు ఉంటాయి. లక్షల పత్రాల్లోంచి సెకను గడవకముందే జవాబు తెచ్చే ఈ పనిని చాలా చోట్ల ఒక్క కంప్యూటర్ చేయదు. కొన్ని కంప్యూటర్లు కలిసి చేస్తాయి. ఆ బృందాన్నే సెర్చ్ క్లస్టర్ అంటారు. బృందంలోని ఒక్కో యంత్రం ఒక నోడ్.

బృందం సజావుగా నడుస్తున్నంత కాలం దాని సంగతి ఎవరికీ పట్టదు. ఒక నోడ్ ఆగిపోయినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. అప్పుడు నిర్వాహకుల చేతిలో ఉండే నమ్మకమైన సాధనం నల్లటి తెర మీద అక్షరాలు మాత్రమే కనిపించే కమాండ్ లైన్. అక్కడ టైప్ చేసిన ఒక్క వరుస డేటాను కాపాడగలదు. ఒక్క వరుస తుడిచిపెట్టేయగలదు కూడా. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో అర్థం కావాలంటే ముందు క్లస్టర్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పదసూచిక నుంచి క్లస్టర్ దాకా

లావుపాటి పుస్తకం చివర పదసూచిక ఉంటుంది. ‘గోదావరి’ అనే మాట ఏయే పేజీల్లో ఉందో అది చెబుతుంది. సెర్చ్ ఇంజిన్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. పత్రాలన్నింటినీ ముందే చదివి, ఏ మాట ఏయే పత్రాల్లో ఉందో పట్టిక వేసి పెట్టుకుంటుంది. ప్రశ్న వచ్చినప్పుడు పత్రాలను కాక ఆ పట్టికను తిరగేస్తుంది. అందుకే అంత వేగం.

ఈ పట్టికలు తయారుచేసే ‘లూసీన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను డగ్ కటింగ్ 1999లో రాశారు. దాని మీద ఆధారపడి, అనేక యంత్రాల మీద ఒకేసారి పనిచేసేలా షే బ్యానన్ రూపొందించిన ‘ఎలాస్టిక్‌సెర్చ్’ 2010లో విడుదలైంది. లైసెన్సు నిబంధనలు మారడంతో 2021లో దాని నుంచి ‘ఓపెన్‌సెర్చ్’ అనే మరో శాఖ చీలింది. రెండింటి మూల సూత్రాలూ ఒకటే, రోజువారీ ఆదేశాలు కూడా దాదాపు ఒకటే. తెలుగు వికీపీడియా సహా వికీమీడియా ప్రాజెక్టుల వెతుకులాట కూడా ఈ కుటుంబం మీదే ఆధారపడింది.

ఒక పట్టిక ఒక యంత్రంలో పట్టనంత పెద్దదైతే దాన్ని ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కను షార్డ్ అంటారు. ఏ పత్రం ఏ ముక్కలోకి వెళ్లాలో ఒక చిన్న లెక్క తేలుస్తుంది. పత్రం గుర్తింపు సంఖ్య నుంచి హ్యాష్ పద్ధతిలో ఒక అంకెను రాబట్టి, దాన్ని మొత్తం ముక్కల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన శేషమే ముక్క నంబరు. ఉదాహరణకు హ్యాష్ 17 అనుకుందాం. 5 ముక్కలుంటే శేషం 2, కాబట్టి పత్రం 2వ ముక్కలో ఉంటుంది. మధ్యలో ముక్కలను 6 చేస్తే శేషం 5 అవుతుంది. పత్రం ఉన్నది ఒక చోట, వెతికేది మరో చోట. అందుకే మొదట పెట్టుకున్న ముక్కల సంఖ్యను తర్వాత ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. మార్చాలంటే సాధారణంగా కొత్త ఇండెక్స్ తయారుచేసి పత్రాలన్నింటినీ అందులోకి మళ్లీ ఎక్కించాలి.

అసలు, నకలు

భూమి దస్తావేజు అసలు, నకలు ఒకే బీరువాలో దాచితే ఇల్లు కాలిన రోజు రెండూ పోతాయి. నకలు మరో ఇంట్లో ఉంటేనే ప్రయోజనం. క్లస్టర్ ఈ నియమాన్ని కచ్చితంగా పాటిస్తుంది. ప్రతి ముక్కకూ ‘ప్రైమరీ’ అనే అసలు, ‘రెప్లికా’ అనే నకలు ఉంటాయి. ఒకే ముక్క అసలు, నకలు ఎప్పుడూ ఒకే నోడ్‌లో ఉండవు.

క్లస్టర్ ఆరోగ్యాన్ని తెలిపే మూడు రంగులకు ఆధారం ఇదే. అన్ని అసళ్లూ, అన్ని నకళ్లూ తమ చోట్లలో ఉంటే ఆకుపచ్చ. అసళ్లన్నీ ఉండి, కొన్ని నకళ్లకు చోటు దొరకకపోతే పసుపు. ఒక్క ముక్క అసలైనా అందుబాటులో లేకపోతే ఎరుపు. ఒకే కంప్యూటర్ మీద సాధన చేసే విద్యార్థికి క్లస్టర్ తరచూ పసుపు రంగులో కనిపించడానికి కారణం కూడా ఇదే. అక్కడ నకలు పెట్టడానికి రెండో బీరువా లేదు.

అడిగే ఆదేశాలు, మార్చే ఆదేశాలు

క్లస్టర్‌తో మాట్లాడటానికి బ్రౌజర్లు వాడే హెచ్‌టీటీపీ భాషే చాలు. ‘కర్ల్’ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ భాషలో అభ్యర్థన పంపవచ్చు. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేసిన కర్ల్ నేడు చాలా కంప్యూటర్లలో ముందే ఉంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్ మామూలుగా 9200 నంబరు పోర్టులో జవాబిస్తుంది. కింద ఇచ్చిన ఆదేశాలను టెర్మినల్‌లో రోమన్ లిపిలోనే టైప్ చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణ మాత్రమే ఇవ్వడమైంది.

రంగురంగుల గ్రాఫులు చూపే డాష్‌బోర్డులు ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న సహజం. ఎలాస్టిక్‌సెర్చ్‌కు తోడుగా వచ్చే ‘కిబానా’ డాష్‌బోర్డు తన సమాచారాన్ని కూడా అదే క్లస్టర్‌లో దాచుకుంటుంది. క్లస్టర్ జబ్బుపడితే డాష్‌బోర్డు కూడా తెరుచుకోకపోవచ్చు. కమాండ్ లైన్‌కు ఒక్క నోడ్ పలికితే చాలు. ‘మాస్టర్ నోడ్ కనబడటం లేదు’ అన్న జవాబు వచ్చినా అదీ సమాచారమే.

ఆదేశాలు రెండు రకాలు. ‘గెట్’ తరహావి అడుగుతాయి, దేన్నీ మార్చవు. ‘పుట్’, ‘పోస్ట్’, ‘డిలీట్’ ఉన్నవాటిలో చాలావరకు మార్చేవి. అడిగే ఆదేశాలను ఎన్నిసార్లు వాడినా నష్టం లేదు. కమాండ్ లైన్ పనిలో మొదటి పాఠం ఈ తేడాను వేళ్లకు అలవాటు చేయడమే.

అడగడానికి బాగా పనికొచ్చేవి ‘_క్యాట్’ కుటుంబపు ఆదేశాలు. ఇవి జవాబును మనిషి చదవగలిగే పట్టికలా ఇస్తాయి. చివర ‘?వి’ చేరిస్తే పట్టికకు శీర్షికలు కూడా వస్తాయి. ‘_క్యాట్/హెల్త్’ క్లస్టర్ రంగును, నోడ్ల సంఖ్యను, చోటు దొరకని ముక్కల సంఖ్యను చెబుతుంది. ‘_క్యాట్/నోడ్స్’ ఏ నోడ్ మీద ఎంత భారం ఉందో, ‘_క్యాట్/షార్డ్స్’ ఏ ముక్క ఎక్కడుందో, ‘_క్యాట్/ఇండిసెస్’ ఏ ఇండెక్స్ ఎంత పెద్దదో చూపుతాయి. ఉత్త ‘_క్యాట్’ అని అడిగితే విరామ చిహ్నాలతో గీసిన చిన్న పిల్లి ముఖం, దాని కింద ఈ కుటుంబంలోని ఆదేశాల జాబితా వస్తాయి.

ఒక నోడ్ పడిపోతే

మూడు నోడ్ల క్లస్టర్‌ను ఊహించుకుందాం. అందులో ఒక ఇండెక్స్‌కు క, ఖ, గ అనే మూడు ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో నకలు. ‘క’ అసలు 1వ నోడ్‌లో, నకలు 2లో. ‘ఖ’ అసలు 2లో, నకలు 3లో. ‘గ’ అసలు 3లో, నకలు 1లో. మొత్తం 6 ముక్కలు, నోడ్‌కు రెండు చొప్పున.

2వ నోడ్ కరెంటు పోయి ఆగిపోయింది. ‘ఖ’ అసలు, ‘క’ నకలు పోయాయి. క్లస్టర్‌ను నడిపించే మాస్టర్ నోడ్ వెంటనే 3వ నోడ్‌లో ఉన్న ‘ఖ’ నకలును అసలుగా ప్రకటిస్తుంది. ఇప్పుడు ‘_క్యాట్/హెల్త్’ అడిగితే రంగు పసుపు, చోటు దొరకని ముక్కలు 2 అని వస్తుంది. వెతుకులాట ఆగదు, డేటా పోదు.

ఆ తర్వాత ఒక నిమిషం పాటు క్లస్టర్ కావాలనే ఊరుకుంటుంది. నోడ్ కేవలం రీస్టార్ట్ అవుతోందేమో, వెంటనే తిరిగి వస్తుందేమో అని ఆ ఎదురుచూపు. రాకపోతే మిగిలిన నోడ్లలో కొత్త నకళ్లు తయారుచేయడం మొదలవుతుంది. ‘క’ నకలు 3లో, ‘ఖ’ నకలు 1లో చేరాక రంగు మళ్లీ ఆకుపచ్చ అవుతుంది. నిర్వాహకులు చేయాల్సిందల్లా చూస్తూ ఉండటమే. ఈ దశలో కంగారుపడి మరో నోడ్‌ను రీస్టార్ట్ చేయడమే ప్రమాదం.

నకళ్లు తయారవుతాయన్నది చోటు ఉన్నప్పటి మాట. డిస్క్ 85 శాతం నిండిన నోడ్‌లోకి క్లస్టర్ కొత్త నకళ్లను పంపదు. 90 శాతం దాటితే అక్కడున్న ముక్కలను వేరే చోటికి తరలించే ప్రయత్నం చేస్తుంది. 95 శాతం దాటితే ఆ నోడ్‌లో ముక్కలున్న ఇండెక్స్‌లలో కొత్త రాతలను ఆపేస్తుంది, చదవడం, తొలగించడం మాత్రమే కుదురుతుంది. ఇవి సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే హద్దులు, అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

దీని నుంచి ఒక ఉపయోగకరమైన లెక్క వస్తుంది. మూడు సమాన నోడ్లలో ఒకటి పోతే దాని భారం మిగతా రెండింటికి చెరిసగం పంచబడుతుంది. అంటే ఒక్కోదానిలో నిల్వ ఒకటిన్నర రెట్లవుతుంది. 85ను 1.5తో భాగిస్తే సుమారు 56. కాబట్టి మూడు నోడ్ల క్లస్టర్‌లో డిస్కులు 56 శాతానికి మించి నిండితే, ఒక నోడ్ పోయిన రోజున నకళ్లన్నింటికీ చోటు దొరుకుతుందన్న భరోసా ఉండదు. సగం ఖాళీగా ఉన్న డిస్క్ వృథా కాదు, అది ఆపద మొక్కు.

చోటు కోసం పాత పత్రాలను ఒక్కొక్కటిగా తొలగించినా డిస్క్ వెంటనే ఖాళీ కాదు. లూసీన్ ఒకసారి రాసిన ఫైళ్లను మార్చదు. తొలగించిన పత్రాలపై గుర్తు మాత్రమే పెట్టి, తర్వాత ఫైళ్లను కలిపేటప్పుడు వాటిని వదిలేస్తుంది. ఒక పాత ఇండెక్స్‌ను మొత్తంగా తీసేస్తేనే చోటు వెంటనే వస్తుంది. రోజువారీ లాగ్‌లను తేదీకొక ఇండెక్స్‌లో దాచే అలవాటుకు ఇదొక కారణం.

‘ఎందుకు?’ అని అడగడం

నకళ్లకు చోటెందుకు దొరకలేదో ఊహించాల్సిన పని లేదు. ‘_క్లస్టర్/అలొకేషన్/ఎక్స్‌ప్లెయిన్’ అని అడిగితే క్లస్టర్ స్వయంగా కారణం చెబుతుంది. ఈ నోడ్‌లో డిస్క్ నిండింది, ఆ నోడ్‌లో ఇదే ముక్క అసలు ఉంది, ఫలానా సెట్టింగ్ అడ్డుపడుతోంది అని నోడ్ల వారీగా వివరిస్తుంది.

సెట్టింగ్ అడ్డుపడటం చాలా మామూలు సంగతి. సాఫ్ట్‌వేర్ మార్చడానికి నోడ్లను ఒకదాని తర్వాత ఒకటి ఆపుతారు. అలా ఆపే ముందు ‘అసళ్లకు మాత్రమే చోటివ్వు, నకళ్లను కదపకు’ అని క్లస్టర్‌కు చెప్పాలి. లేకపోతే కాసేపట్లో తిరిగి వచ్చే నోడ్ కోసం వందల జీబీల డేటా అనవసరంగా అటూ ఇటూ కదులుతుంది. పని అయ్యాక నోడ్‌ను లేపి, ఆ ఆంక్షను ఎత్తేసి, రంగు ఆకుపచ్చ అయ్యే వరకు ఆగి, అప్పుడు రెండో నోడ్ దగ్గరకు వెళ్లాలి. ఆంక్ష ఎత్తేయడం మరచిపోతే అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి, కానీ కొత్త నకళ్లకు చోటు దొరకదు. ఆ సంగతి మరో నోడ్ పడిపోయిన రోజున బయటపడుతుంది.

రంగు మార్చడం వేరు, డేటా కాపాడటం వేరు

మళ్లీ మన మూడు నోడ్ల దగ్గరకు వద్దాం. 2వ నోడ్ లేదు, కొత్త నకళ్లు ఇంకా తయారుకాలేదు. సరిగ్గా అప్పుడే 1వ నోడ్‌లోని డిస్క్ పాడై ‘క’ ముక్క చదవడానికి వీల్లేకుండా పోయింది. ‘క’కు అసలూ లేదు, నకలూ లేదు. రంగు ఎరుపు.

ఎరుపులో కూడా వెతుకులాట జవాబిస్తూనే ఉంటుంది. మామూలు అమరికలో ఎలాస్టిక్‌సెర్చ్ మిగిలిన ముక్కల్లో దొరికినవాటిని ఫలితాలుగా ఇచ్చేస్తుంది. చూసేవారికి అది పూర్తి జవాబులాగే ఉంటుంది. మూడింట ఒక వంతు పత్రాలు లెక్కలో లేవన్న సంగతి, జవాబులోని ‘_షార్డ్స్’ భాగంలో ముక్కల లెక్క చూస్తేనే తెలుస్తుంది. ఆసుపత్రి రికార్డుల్లోనో పరీక్షా ఫలితాల్లోనో ‘దొరకలేదు’ అన్న మాటకు ‘లేదు’ అని అర్థం చెప్పుకుంటే ఎంత పొరపాటో ఊహించవచ్చు.

ఎరుపును ఆకుపచ్చగా మార్చే సులువైన దారి ఒకటుంది. ‘_క్లస్టర్/రీరూట్’ ఆదేశంతో పోయిన ముక్క స్థానంలో ఖాళీ అసలును పెట్టవచ్చు. క్షణాల్లో ఎరుపు పోతుంది, నకలు తయారుకాగానే ఆకుపచ్చ వస్తుంది. కానీ ఆ ముక్కలోని పత్రాలు ఇక లేవు. తర్వాత పాత నోడ్ తిరిగి వచ్చినా దానిలోని పాత ముక్కను క్లస్టర్ స్వీకరించదు. ఈ ఆదేశం పనిచేయాలంటే ‘డేటా నష్టానికి అంగీకరిస్తున్నాను’ అనే అర్థం వచ్చే మాటను విడిగా రాసి, ‘ట్రూ’ అని చేర్చాలి. రూపకర్తలు ఆ అడ్డు కావాలనే పెట్టారు.

అందువల్ల ఎరుపు కనిపించినప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘రంగు ఎలా మార్చాలి’ అన్నది కాదు, ‘ఈ ముక్క కాపీ ఇంకా ఎక్కడైనా ఉందా’ అన్నది. ఇక్కడ ఉంది. 2వ నోడ్‌కు పోయింది కరెంటు మాత్రమే, దాని డిస్క్‌లో ‘క’ నకలు భద్రంగా ఉంది. అది ఆగిపోయాక ‘క’లో కొత్త రాతలేవీ జరగకపోతే, నోడ్ తిరిగి రాగానే ఆ నకలే అసలు అవుతుంది. రాతలు జరిగి ఉంటే క్లస్టర్ దాన్ని వెనకబడిన కాపీగా పరిగణించి, తనంతట తాను ఒప్పుకోదు. అప్పుడు మధ్యలో జరిగిన కొద్దిపాటి రాతలను వదులుకోవాలా, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలా అన్నది మనిషి ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం.

కోరం లేనిదే నిర్ణయం లేదు

నోడ్లు పోవడం కన్నా చిక్కైన పరిస్థితి, నోడ్లన్నీ బాగానే ఉండి వాటి మధ్య నెట్‌వర్క్ తెగిపోవడం. రెండు పక్షాలూ ‘అవతలివాళ్లు పోయారు’ అనుకుని చెరొక మాస్టర్‌ను ఎన్నుకుంటే, ఒకే ముక్కకు రెండు అసళ్లు ఏర్పడతాయి. రెండింటిలోనూ కొత్త రాతలు చేరతాయి. నెట్‌వర్క్ కలిసిన తర్వాత ఏది నిజమో తేల్చడం అసాధ్యం.

దీనికి విరుగుడు సభల్లో కోరం వంటిదే. ఓటు హక్కున్న నోడ్లలో సగానికి మించి ఒక వైపు ఉంటేనే ఆ వైపు మాస్టర్‌ను ఎన్నుకోగలదు. రెండు పక్షాలకూ ఒకేసారి మెజారిటీ ఉండటం గణితరీత్యా కుదరదు. 3 నోడ్లకు కోరం 2, కాబట్టి ఒకటి పోయినా పని సాగుతుంది. 5కు కోరం 3, రెండు పోయినా సాగుతుంది. 2 నోడ్లకు కోరం 2 కాబట్టి ఒక్కటి పోయినా ఎన్నిక జరగదు. రెండు నోడ్లుంటే చాలనుకునేవారు గమనించాల్సిన విషయం ఇది. ఒకప్పుడు ఈ కోరం సంఖ్యను నిర్వాహకులే రాసిపెట్టాల్సి వచ్చేది, తప్పు రాస్తే రక్షణ పోయేది. 2019లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి క్లస్టర్ తానే లెక్క చూసుకుంటోంది.

నకలు బ్యాకప్ కాదు

నకలు యంత్రం చెడిపోవడం నుంచి కాపాడుతుంది, మనిషి పొరపాటు నుంచి కాదు. ఒక ఇండెక్స్‌ను ‘డిలీట్’ చేస్తే అసలుతో పాటు నకళ్లు కూడా పోతాయి. ఒకప్పుడు ‘డిలీట్’ పక్కన నక్షత్రం గుర్తు పెడితే ఇండెక్స్‌లన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయేవి. 2022లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి, సెట్టింగ్‌ను కావాలని మార్చుకుంటే తప్ప, ఇండెక్స్ పేరును పూర్తిగా రాయాల్సిందే.

బయటి ముప్పు కూడా తక్కువేమీ కాదు. పాస్‌వర్డ్ లేకుండా 9200 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన వేలాది క్లస్టర్లపై 2017 జనవరిలో దాడులు జరిగాయి. డేటా తుడిచేసి, డబ్బు కావాలంటూ సందేశాలు వదిలారు. 2020 జులైలో జరిగిన దాడుల్లో డబ్బు కూడా అడగలేదు. డేటా ఉండాల్సిన చోట ‘మియావ్’ అన్న మాట మాత్రం మిగిలింది. అందుకోసం నేరగాళ్లకు అసాధారణ నైపుణ్యమేమీ అక్కరలేకపోయింది. నిర్వాహకులు వాడే ఆదేశాలే వారికీ సరిపోయాయి. 8.0 నుంచి పాస్‌వర్డ్, సంకేతీకరించిన సంభాషణ మొదటి నుంచే అమలులో ఉంటున్నాయి. పాత వెర్షన్లలో వాటిని విడిగా అమర్చుకోవాలి.

ఈ రెండు ముప్పులకూ అసలైన రక్ష స్నాప్‌షాట్. క్లస్టర్‌కు బయట ఉన్న నిల్వలోకి ‘_స్నాప్‌షాట్’ ఆదేశంతో తీసే బ్యాకప్ ఇది. మొదటిసారి మొత్తం కాపీ అవుతుంది, ఆ తర్వాత కొత్తగా చేరినవి మాత్రమే. నడుస్తున్న నోడ్ డేటా ఫోల్డరును నేరుగా కాపీ చేసి దాచుకోవడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, అలాంటి కాపీ తిరిగి తెరుచుకుంటుందన్న హామీ లేదు. స్నాప్‌షాట్‌ను కూడా అప్పుడప్పుడు వేరే క్లస్టర్‌లోకి పునరుద్ధరించి చూసుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవారు తమ కంప్యూటర్‌లోనే సాధన మొదలుపెట్టవచ్చు. ఒకే యంత్రంలో మూడు నోడ్లను నడిపి, ఒక ఇండెక్స్ తయారుచేసి, ‘_క్యాట్/షార్డ్స్’ పట్టికను కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఒక నోడ్‌ను ఆపి, ఏ నకలు అసలవుతుందో, ఏ ముక్కకు చోటు దొరకదో ముందే ఊహించి, ఆ తర్వాత క్లస్టర్‌ను అడిగి సరిచూసుకోవాలి. ఊహ, జవాబు వరుసగా కొన్నిసార్లు కలిసిన తర్వాతే మార్చే ఆదేశాల జోలికి వెళ్లడం క్షేమం.